ఏఎన్‌ఏ పాజిటివ్ అన్న కాగితం ఏం చెబుతుంది, ఏం చెప్పదు

(హైదరాబాద్ చిక్కడపల్లిలో లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు) పేషెంట్లు, వారి కుటుంబసభ్యుల కోసం జరిగిన సభలో ఒక ల్యాబ్ డాక్టర్ చేసిన ప్రసంగ పాఠం. చివర్లో సభికుల ప్రశ్నలు కొన్ని.)

అందరికీ నమస్కారం. కిటికీల పక్కన కూర్చున్నవాళ్లు ముందు కాస్త ఇటు నీడలోకి జరగండమ్మా. లూపస్ ఉన్న చాలామందికి ఎండ పడదు. అద్దంలోంచి వచ్చే ఎండ కూడా కొంతమందికి పడదు. కుర్చీలు చాలకపోతే ఇంకా వేయిస్తారు.

నేను మందులు రాసే డాక్టర్ని కాను. మీ చేతినుంచి తీసిన రక్తం ఎక్కడికి వెళ్తుందో అక్కడ ఉండే డాక్టర్ని. లూపస్ అనుమానం ఉన్నప్పుడు చేసే ఏఎన్‌ఏ అనే రక్తపరీక్ష స్లైడు చూసి పాజిటివ్ అనో నెగెటివ్ అనో రాసి కింద సంతకం పెట్టేది నాలాంటివాళ్లమే. ఆ కాగితం ఇంటికి చేరాక ఏం జరుగుతుందో కూడా నాకు తెలుసు. రాత్రి తొమ్మిదింటికి రిపోర్టు వాట్సాప్‌లో వస్తుంది. పాజిటివ్ అన్న మాట లావుగా అచ్చయి ఉంటుంది. డాక్టర్ అపాయింట్‌మెంట్ ఏ నాలుగు రోజుల తర్వాతో ఉంటుంది. ఈలోగా ఫోన్లో వెతుకుతారు. కిడ్నీలు పోతాయని ఒకచోట, పిల్లలు పుట్టరని ఇంకోచోట చదువుతారు. ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. ఆ టెన్షన్‌లో సగమైనా అనవసరమైనది. మరోపక్క, నిజంగా జాగ్రత్త పడాల్సిన ఒక పరీక్షను మాత్రం ఎవరూ పట్టించుకోరు. దాని పేరు పెద్దగా ఉండదు, ఖరీదూ ఉండదు కాబట్టి. ఆ రెండు సంగతులూ చెప్పడానికే వచ్చాను.

మన కణాల కేంద్రకంలో ఉండే పదార్థాల మీద మన ఒంట్లోనే తయారయ్యే యాంటీబాడీలను ఏఎన్‌ఏ అంటాం. మామూలుగా యాంటీబాడీలు వైరస్‌ల మీద, బ్యాక్టీరియా మీద పనిచేయాలి. లూపస్‌లో అవి సొంత డీఎన్‌ఏ మీద, దాన్ని అంటిపెట్టుకుని ఉండే ప్రొటీన్ల మీద తిరగబడతాయి. వాటిని ఎలా కనిపెడతామో చెబుతాను. రిపోర్టులో కనిపించే మాటలన్నీ అక్కడినుంచే వస్తాయి.

మా బల్ల మీద ఒక గాజు స్లైడు ఉంటుంది. దాని మీద చిన్న చిన్న గుండ్రటి గళ్లు. ఒక్కో గడిలో హెప్-2 అనే మనిషి కణాలు ముందే అతికించి ఉంటాయి. మీ రక్తంలోని సీరం తీసి, ఒక వంతు సీరానికి దాదాపు ఎనభై వంతులయ్యేలా పలుచన చేసి, ఒక చుక్క ఆ గడిలో వేస్తాం. అరగంట ఉంచుతాం. మీ సీరంలో కేంద్రకం మీద పనిచేసే యాంటీబాడీలు ఉంటే అవి పోయి ఆ కణాల కేంద్రకాలకు అంటుకుంటాయి. లేకపోతే కడిగినప్పుడు అన్నీ కొట్టుకుపోతాయి. కడిగాక మెరిసే రంగు పూసిన ఇంకో యాంటీబాడీ వేస్తాం. మొదటిది అంటుకుని ఉన్నచోటే ఇదీ అంటుకుంటుంది. మళ్లీ కడిగి, లైట్లన్నీ ఆర్పేసి, చీకటి గదిలో ఫ్లోరసెంట్ మైక్రోస్కోపు కింద పెడతాం.

పాజిటివ్ అయితే ఆ నల్లటి చీకట్లో పచ్చటి కేంద్రకాలు వెలుగుతూ కనిపిస్తాయి. కేంద్రకం మొత్తం ఒకేలా నిండుగా వెలిగితే హోమోజీనియస్ అని రాస్తాం. నూకలు చల్లినట్టు చుక్కలు చుక్కలుగా ఉంటే స్పెకిల్డ్ అని రాస్తాం. అక్కడితో ఆగం. విడిపోతూ ఉన్న కణం కోసం వెతుకుతాం. దాని నడుమ క్రోమోజోములు ఒక పట్టీలాగా వరస కట్టి ఉంటాయి. ఆ పట్టీ కూడా వెలిగితే యాంటీబాడీ గురి డీఎన్‌ఏ మీద, అది చుట్టుకుని ఉండే హిస్టోన్లు అనే ప్రొటీన్ల మీద ఉందన్నమాట. స్పెకిల్డ్‌లో సాధారణంగా ఆ పట్టీ నల్లగానే ఉంటుంది. మీ రిపోర్టులో ప్యాటర్న్ అని రాసేది దీన్నే. హోమోజీనియస్ వస్తే డీఎన్‌ఏ మీద పనిచేసే యాంటీబాడీల కోసం చూడాలి. స్పెకిల్డ్ వస్తే ఎస్‌ఎమ్, ఆర్‌ఎన్‌పీ, రో, లా అనే ప్రొటీన్ల మీద పనిచేసే యాంటీబాడీలవైపు చూడాలి. ప్యాటర్న్ తర్వాత ఎటు వెదకాలో చూపిస్తుంది, అంతే. జబ్బు పేరు అందులో ఉండదు. డెన్స్ ఫైన్ స్పెకిల్డ్ అని ఒక ప్యాటర్న్ ఉంది. అది ఒంటరిగా కనిపించేది ఎక్కువగా ఏ జబ్బూ లేనివాళ్లలోనే.

ఇక టైటర్. 1:80, 1:160, 1:320 అని ఉంటుంది కదా, చాలామంది అడిగేది దీని గురించే. పుల్ల మజ్జిగలో గ్లాసుకు గ్లాసు నీళ్లు కలుపుతూ పోండి. ఎక్కడిదాకా కలిపినా ఇంకా పులుపు తెలుస్తోందంటే మొదట ఎంత పుల్లగా ఉందో తెలుస్తుంది. మేం చేసేదీ అదే. సీరాన్ని ప్రతిసారీ రెట్టింపు పలుచన చేస్తూ పోయి, కేంద్రకాలు ఎక్కడిదాకా వెలిగాయో రాస్తాం. కాబట్టి రెండో అంకె పెరిగేకొద్దీ యాంటీబాడీలు ఎక్కువ ఉన్నట్టు. 1:80 బలహీనం, 1:1280 బలమైనది. కొన్ని ల్యాబులు టైటర్ బదులు ఒక ప్లస్ నుంచి నాలుగు ప్లస్‌ల దాకా వేస్తాయి. కొన్ని ఎలైజా మిషన్ మీద చేసి ఒక అంకె ఇస్తాయి. ఎలైజాలో నెగెటివ్ వచ్చినా డాక్టర్‌కు అనుమానం గట్టిగా ఉంటే, ఈ స్లైడు పద్ధతిలో, అంటే ఐఎఫ్ఏలో, మళ్లీ చేయించడం మంచిది.

ఇప్పుడు మీరందరూ గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క చెబుతాను. 1997లో కొన్ని దేశాల్లోని 15 ల్యాబులు కలిసి ఏ జబ్బూ లేని ఆరోగ్యవంతుల రక్తానికి ఏఎన్‌ఏ చేసి చూశాయి. 1:40 దగ్గర వందలో 32 మందికి దాదాపుగా పాజిటివ్ వచ్చింది. 1:80 దగ్గర 13 మందికి. 1:160 దగ్గర 5 మందికి. 1:320 దగ్గర కూడా 3 మందికి. వీళ్లెవరికీ లూపస్ లేదు. ఈ హాల్లో పేషెంట్లకు తోడుగా వచ్చిన అన్నలు, భర్తలు, అత్తగార్లు ఎంతమంది ఉన్నారో చూడండి. అందరి రక్తం ఇప్పుడే తీసి స్లైడు మీద వేస్తే కొందరికి తప్పకుండా పాజిటివ్ వస్తుంది. థైరాయిడ్ ఉన్నవాళ్లలో, ముఖ్యంగా హషిమోటో రకం ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువ. వయసు పైబడిన కొద్దీ పెరుగుతుంది. టీబీ, మలేరియా, హెపటైటిస్ సి లాంటి ఇన్ఫెక్షన్లలోనూ రావచ్చు.

ఇంకో దిక్కునుంచి చూస్తే, లూపస్ ఉన్నవాళ్లలో వందకు 95 మందికి పైగా ఏఎన్‌ఏ పాజిటివ్‌గానే ఉంటుంది. అంటే నెగెటివ్ వస్తే లూపస్ కాకపోవడానికి చాలా అవకాశం ఉందని ధైర్యంగా చెప్పొచ్చు. పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఉందని చెప్పలేం. ఈ పరీక్ష జబ్బు లేదని చెప్పడంలో గట్టిది, ఉందని చెప్పడంలో బలహీనమైనది. అందుకే లక్షణాలు ఏమీ లేనివాళ్లకు హెల్త్ ప్యాకేజీలో ఏఎన్‌ఏ కలిపి చేయడం నాకు ససేమిరా ఇష్టం లేదు. మాదాపూర్ ఆఫీసుల్లో పనిచేసే పిల్లలు అలాంటి ప్యాకేజీ రిపోర్టు పట్టుకుని, ముఖాలు పాలిపోయి వస్తారు. కీళ్ల నొప్పి ఉందా అంటే లేదంటారు. జ్వరం, మచ్చలు, నోటిపూత, జుట్టు రాలడం ఏదీ లేదు. మూత్రం బాగుంది, రక్తకణాలు బాగున్నాయి. వాళ్లకు ఉన్న ఒకే ఒక్క కష్టం ఆ కాగితమే.

మరి ఎవరికి చేయాలి? పొద్దున లేవగానే వేళ్ల కీళ్లు బిగుసుకుపోయి, వాచి, గంటసేపటికి గానీ వదలనివాళ్లకు. ఎండలోకి వెళ్తే బుగ్గల మీద, ముక్కు మీద ఎర్రగా పొక్కేవాళ్లకు. నొప్పి లేని నోటిపూత, వారాల తరబడి తగ్గని జ్వరం, గుండె చుట్టూ గానీ ఊపిరితిత్తుల చుట్టూ గానీ నీరు చేరడం, కారణం తెలియకుండా ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు తగ్గడం, మూత్రంలో ప్రొటీన్ పోవడం, ఇలాంటివి ఉన్నప్పుడు. లూపస్ ఉన్న ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లే. అదీ ఎక్కువగా పదిహేనేళ్ల నుంచి నలభై ఐదేళ్ల లోపువాళ్లే. ఆ వయసు అమ్మాయి ఇలాంటి బాధలు చెబితే నీరసం, రక్తహీనత అని తేల్చేసి టానిక్ రాసి పంపకూడదు. మగవాళ్లకు రాదని కూడా అనుకోవద్దు. వచ్చినప్పుడు చాలా ఆలస్యంగా బయటపడుతుంది, ఎవరూ అనుమానించరు కనుక.

2019లో యూరప్, అమెరికా రుమటాలజీ (కీళ్లు, లూపస్ లాంటి జబ్బులు చూసే) డాక్టర్ల సంఘాలు కలిసి లూపస్‌కు ఒక మార్కుల పద్ధతి తయారు చేశాయి. దాన్ని పరిశోధనల కోసం చేశారు, మీ డాక్టర్ దానికి కట్టుబడి ఉండనక్కర్లేదు. అయినా అందులో ఒక మంచి ఆలోచన ఉంది. 1:80 లేదా అంతకన్నా ఎక్కువ ఏఎన్‌ఏ లేనిదే లోపలికి రానివ్వరు. అలా లోపలికి వచ్చినందుకు మాత్రం సున్నా మార్కులు. పది మార్కులు రావాలి. యాంటీ డీఎస్‌డీఎన్‌ఏ, అంటే రెండు పోగుల డీఎన్‌ఏ మీద పనిచేసే యాంటీబాడీ గానీ, యాంటీ ఎస్‌ఎమ్ గానీ ఉంటే ఆరు. సీ3, సీ4 అనే కాంప్లిమెంట్ ప్రొటీన్లు (యాంటీబాడీలకు తోడుగా రక్తంలో పనిచేసేవి) రెండూ తగ్గితే నాలుగు. ఆరూ నాలుగూ కలిపితే పది అయిపోయింది కదా అనిపిస్తుంది. కానీ ఒంట్లో కనిపించే లక్షణం ఒక్కటైనా లేకుండా రక్తం మార్కులు ఎన్ని వచ్చినా చెల్లవని నియమం పెట్టారు. ప్రపంచంలోని పెద్ద పెద్ద నిపుణులు కూర్చుని, రక్తం ఒక్కదాన్ని నమ్మి లూపస్ అనొద్దని రాసి పెట్టారు. నేను ల్యాబ్ మనిషినై ఉండీ ఈ నియమానికి దండం పెడతాను.

ఇప్పుడు డీఎస్‌డీఎన్‌ఏ దగ్గరికి వద్దాం. ఇది లూపస్‌కు చాలా దగ్గరి యాంటీబాడీ. జబ్బు ఉన్నవాళ్లలో సగానికి పైగా కనిపిస్తుంది, మిగతా జబ్బుల్లో అరుదు. దీన్ని చూడ్డానికి మా దగ్గర ఒక మంచి పద్ధతి ఉంది. ఈగల పేగుల్లో బతికే క్రిథిడియా అనే ఏకకణ జీవి ఒకటి ఉంది. పొడుగ్గా, తోకతో ఉంటుంది. తోక మొదట్లో ఒక చిన్న చుక్క, కైనెటోప్లాస్ట్ అంటాం. ఆ చుక్కలో ఉన్నదంతా రెండు పోగుల డీఎన్‌ఏ. మన కేంద్రకంలోలాగా దానికి హిస్టోన్లు ఉండవు. మీ సీరం వేసినప్పుడు ఆ చుక్క వెలిగిందంటే యాంటీబాడీ అంటుకున్నది అచ్చంగా డీఎన్‌ఏకే. అనుమానానికి తావు చాలా తక్కువ. ఎలైజా పద్ధతి ఇంతకన్నా ఎక్కువమందిని పట్టుకుంటుంది గానీ, కొంచెం పెరిగిన అంకెల్లో అబద్ధపు పాజిటివ్‌లు ఉంటాయి. అందుకని ఎలైజాలో గీతకు కాస్త పైన వచ్చి, మనిషిలో లక్షణాలు సరిపోకపోతే, క్రిథిడియా మీద సరిచూసుకోవడం మేలు.

యాంటీ ఎస్‌ఎమ్‌ను 1966లో ఎంగ్ టాన్, హెన్రీ కుంకెల్ కనిపెట్టారు. వందమంది లూపస్ పేషెంట్లలో ఇరవై ముప్ఫై మందికే ఉంటుంది. ఉందంటే మాత్రం లూపస్ అని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. అది జబ్బుతోపాటు పెద్దగా పెరగదు, తగ్గదు. ఒకసారి చూసుకున్నాక పదే పదే చేయించక్కర్లేదు.

ఏఎన్‌ఏ ప్రొఫైల్, ఏఎన్‌ఏ బ్లాట్ అని కొన్ని వేల రూపాయలు తీసుకుని చేసేది ఉంది కదా. ఒక సన్నటి పట్టీ మీద పది పదిహేను రకాల యాంటిజెన్లు గీతలుగా ఉంటాయి. ఏ గీత నల్లబడితే ఆ యాంటీబాడీ ఉన్నట్టు. పనికొచ్చే పరీక్షే. కాకపోతే అన్ని గీతలున్నప్పుడు ఏదో ఒకటి లీలగా కనిపించడం మామూలు. లీలగా ఒక గీత కనిపిస్తే బార్డర్‌లైన్ అని రాస్తాం. పేషెంటు ఆ గీత పేరు పట్టుకుని స్క్లెరోడెర్మా అనో మయోసైటిస్ అనో వేరే జబ్బుల పేర్లు వెతుక్కుంటూ పోతారు. ముందు ఏఎన్‌ఏ, దానికి తగిన లక్షణాలు, ఆ తర్వాతే బ్లాట్. ఒక మినహాయింపు ఉంది. రో యాంటీబాడీ మాత్రం ఏఎన్‌ఏ నెగెటివ్‌గా ఉన్నా ఉండొచ్చు. అనుమానం ఉంటే డాక్టర్ నేరుగా అదే అడుగుతారు.

యాంటీబాడీలు జబ్బుకన్నా ముందే వస్తాయా అని అడుగుతుంటారు. వస్తాయి. అమెరికా సైన్యంలో చేరినవాళ్ల సీరం భద్రపరుస్తారు. తర్వాత లూపస్ వచ్చిన 130 మంది పాత సీరాలు బయటికి తీసి పరీక్ష చేస్తే, 88 శాతం మందిలో జబ్బు తేలకముందే ఏదో ఒక యాంటీబాడీ ఉంది. కొందరిలో తొమ్మిదేళ్ల ముందునుంచీ ఉంది. 2003లో వచ్చిన పరిశోధన ఇది. అందులో ఏఎన్‌ఏ, రో లాంటివి ముందు వచ్చాయి. డీఎస్‌డీఎన్‌ఏ తర్వాత వచ్చింది. ఎస్‌ఎమ్ జబ్బు దగ్గరపడ్డాక వచ్చింది. ఇది విని, పాజిటివ్ ఉన్నవాళ్లందరికీ రేపో మాపో లూపస్ వస్తుందని లెక్కకట్టుకోకండి. జబ్బు వచ్చినవాళ్లను వెనక్కి తిరిగి చూసిన లెక్క అది. పాజిటివ్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఎప్పటికీ రాదు.

సరే, జబ్బు ఉందని తేలింది. మందులు మొదలయ్యాయి. ఇప్పుడు ఏ పరీక్షలు, ఎన్నాళ్లకు? ఏఎన్‌ఏ ఇక అక్కర్లేదు. ఆరు నెలలకోసారి ఏఎన్‌ఏ చేయించి, 1:640 నుంచి 1:320కి తగ్గిందని సంతోషపడేవాళ్లను చూశాను. ఆ తేడాకు అర్థం లేదు. ఒక మెట్టు అటూ ఇటూ ఒకే ల్యాబులో, ఒకే రోజు చేసినా మారుతుంది. ఆ డబ్బు మిగుల్చుకోండి.

మళ్లీ మళ్లీ చూడాల్సినవి డీఎస్‌డీఎన్‌ఏ, సీ3, సీ4. జబ్బు తిరగబెట్టే ముందు చాలామందిలో డీఎస్‌డీఎన్‌ఏ పెరుగుతుంది, సీ3, సీ4 తగ్గుతాయి. యాంటీబాడీలు తమ పదార్థానికి అంటుకుని గడ్డకట్టిన చోటల్లా కాంప్లిమెంట్ ప్రొటీన్లు ఖర్చవుతాయి కాబట్టి రక్తంలో అవి తరిగిపోతాయి. గర్భిణుల్లో ఒక మెలిక ఉంది. ఆ నెలల్లో కాంప్లిమెంట్ సహజంగానే పెరుగుతుంది. కాబట్టి రిపోర్టులో నార్మల్ అని ఉన్నా, పోయిన నెలకన్నా పడిపోయిందా అని చూడాలి. ఒంట్లో వాపును చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షల సంగతి కూడా చెబుతాను. లూపస్ తిరగబెట్టినప్పుడు ఈఎస్ఆర్ పెరుగుతుంది గానీ సీఆర్‌పీ చాలాసార్లు పెద్దగా పెరగదు. జ్వరంతో ఉన్న లూపస్ పేషెంటుకు సీఆర్‌పీ బాగా పెరిగిందంటే ముందు ఇన్ఫెక్షన్ కోసం వెదకాలి. స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లకు ఇది ప్రాణం మీది మాట.

ఇప్పుడు ఆ చవకైన పరీక్ష. మూత్రం. లూపస్ ఉన్నవాళ్లలో సగానికి దగ్గరగా ఏదో ఒక దశలో కిడ్నీ దెబ్బతింటుంది. మొదట్లో ఏ నొప్పీ ఉండదు. నడుము నొప్పి రాదు, మూత్రంలో మంట రాదు. పాదాలు వాచి, మూత్రం నురగ కట్టి, బీపీ పెరిగేసరికి చాలా దూరం పోయి ఉంటుంది. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ నార్మల్‌గా ఉన్నప్పుడే మూత్రంలో ప్రొటీన్ కారడం మొదలవుతుంది. మా దగ్గరికి వచ్చే ఫైళ్లలో వేలు పోసి చేయించిన బ్లాట్లు రెండు మూడు ఉంటాయి. మూత్ర పరీక్ష ఒక్కటీ ఉండదు. అది చూసినప్పుడు నాకు నిజంగా కడుపు తరుక్కుపోతుంది. పొద్దున లేవగానే పోసిన మూత్రం ఒక సీసాలో పట్టి ఇవ్వడానికి ఎంతసేపు? రొటీన్ పరీక్షలో ఎర్రకణాలు, ప్రొటీన్ చూస్తారు. ప్రొటీన్ క్రియాటినిన్ రేషియో అని ఇంకొకటి చేస్తారు. అది 0.5 దాటి, మళ్లీ చేసినా దాటే ఉంటే డాక్టర్ కిడ్నీ బయాప్సీ మాట ఎత్తుతారు. బయాప్సీ అనగానే పారిపోకండి. కిడ్నీ లోపల జబ్బు ఏ క్లాసులో ఉందో చెప్పే రక్తపరీక్ష ఇంకా రాలేదు. మందుల బలం ఆ క్లాసును బట్టే ఉంటుంది. జబ్బు నిలకడగా ఉన్నా సుమారు మూడు నెలలకోసారి మూత్రం, సీబీసీ (రక్తకణాల లెక్క), క్రియాటినిన్ చేయించుకోండి. ఆడపిల్లలకు నెలసరి రోజుల్లో మాత్రం శాంపిల్ ఇవ్వొద్దు, ఎర్రకణాలు కలిసి లెక్క తప్పుతుంది.

కొందరు పేషెంట్లలో డీఎస్‌డీఎన్‌ఏ ఏళ్లతరబడి ఎక్కువగానే ఉంటుంది, సీ3 తక్కువగానే ఉంటుంది, మనిషి మాత్రం హాయిగా తిరుగుతుంటారు. అలాంటివాళ్లకు అంకెను చూసి స్టెరాయిడ్ పెంచడం సరికాదు. మూత్రం, రక్తకణాలు ఇంకాస్త దగ్గర దగ్గరగా చూస్తూ ఉండాలి. మరికొందరిలో అంకెలన్నీ బాగుంటాయి, కీళ్లు మాత్రం వాచిపోతాయి. అప్పుడు నమ్మాల్సింది కీళ్లనే.

పిల్లల్ని కనాలనుకునేవాళ్లు రెండు యాంటీబాడీల సంగతి ముందే తెలుసుకోవాలి. ఒకటి రో. ఇది తల్లినుంచి మావి ద్వారా బిడ్డకు వెళ్తుంది. రో ఉన్న తల్లులకు పుట్టే బిడ్డల్లో నూటికి ఒకరిద్దరికి గుండె కొట్టుకునే వేగం బాగా పడిపోయే హార్ట్ బ్లాక్ వస్తుంది. తొంభై ఎనిమిది మందికి రాదని కూడా అదే లెక్క చెబుతోంది కదా. అందుకని 16 నుంచి 26 వారాల మధ్య బిడ్డ గుండెకు స్కాన్ చేసి చూస్తుంటారు. లూపస్‌కు ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు వాడుతూ ఉంటే ఆ ప్రమాదం తగ్గుతుంది. రెండోది యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు. అందులో మూడు పరీక్షలు ఉంటాయి: లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, బీటా2 గ్లైకోప్రొటీన్. ఇవి ఉంటే కాళ్లలో, ఊపిరితిత్తుల్లో, మెదడులో రక్తం గడ్డకట్టవచ్చు, గర్భం నిలవకపోవచ్చు. ఒకసారి పాజిటివ్ వస్తే 12 వారాలు ఆగి మళ్లీ చేయాలి. ఏదైనా జ్వరం వచ్చినప్పుడు కొన్నాళ్లు కనిపించి పోతుంటాయి, అందుకే ఆ గడువు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే రక్తం ఇచ్చేముందే ల్యాబులో చెప్పండి. చెప్పకపోతే లూపస్ యాంటీకోయాగ్యులెంట్ రిపోర్టు తప్పుగా రావచ్చు. పదే పదే అబార్షన్లు అవుతున్న కోడల్ని ఇంట్లో మాటలనే ముందు ఈ మూడు పరీక్షలు చేయించండి. ఉన్నాయని తెలిస్తే వైద్యం ఉంది, ఆస్పిరిన్, హెపారిన్ ఇంజెక్షన్లతో బిడ్డల్ని కంటున్నవాళ్లు ఎందరో ఉన్నారు.

హైడ్రాక్సీక్లోరోక్విన్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. అది మలేరియా మందుల కుటుంబంలోది. మలేరియా దోమలోంచి వస్తుందని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్ బేగంపేటలోనే, 1897 ఆగస్టు 20న. ఆ పాత భవనం ఇంకా ఉంది. మలేరియా మందు లూపస్‌కు ఇంత మేలు చేస్తుందని అప్పట్లో ఎవరూ ఊహించి ఉండరు. 1991లో కెనడాలో చేసిన ఒక పరిశోధనలో, నిలకడగా ఉన్న పేషెంట్లలో ఈ మందు ఆపేసినవాళ్లకు జబ్బు తిరగబెట్టడం రెండున్నర రెట్లు ఎక్కువైంది. రిపోర్టులు బాగున్నాయని మీరంతట మీరు దాన్ని ఆపొద్దు. మొదటి ఏడాదిలో ఒకసారి కళ్లు చూపించుకోండి. ఐదేళ్లు దాటాక ఏటా చూపించుకోండి.

ఇక అడగండి.

ప్రశ్న: డాక్టరుగారూ, మా అమ్మాయికి రిపోర్టులో పాజిటివ్ అని వచ్చింది. సంబంధాలు చూస్తున్నాం. అవతలివాళ్లకు చెప్పాలా?

ఏఎన్‌ఏ ఒక్కటే పాజిటివ్ అయి, అమ్మాయికి ఏ లక్షణమూ లేకపోతే అది జబ్బు కాదండీ, చెప్పడానికి అక్కడ ఏమీ లేదు. రుమటాలజిస్టు చూసి లూపస్ అని తేల్చి ఉంటే మాత్రం దాచొద్దు. పెళ్లయ్యాక దొంగచాటుగా మాత్రలు మింగే అమ్మాయిలు ఉన్నారు. ఎవరైనా చూస్తారేమోనని డోసులు మానేస్తారు, జబ్బు తిరగబెట్టి ఆస్పత్రిలో పడతారు. అదే ఇంటిల్లిపాదికీ తెలిసి ఉంటే మందు గుర్తుచేసేవాళ్లు ఉంటారు. లూపస్ అదుపులో ఉన్న అమ్మాయి ఉద్యోగం చేయగలదు, పిల్లల్ని కనగలదు. గర్భానికి ముందు కనీసం ఆరు నెలలు జబ్బు నిలకడగా ఉండేలా చూసుకోవాలి, అంతే.

ప్రశ్న: నాకు టీబీ మందులు వాడుతుండగా కీళ్ల నొప్పులు వచ్చి ఏఎన్‌ఏ పాజిటివ్ వచ్చింది. మందులవల్లేనా?

కావొచ్చు. ఐసోనియాజిడ్ వల్ల అలా రావచ్చు. బీపీకి ఇచ్చే హైడ్రలజిన్, మొటిమలకు ఇచ్చే మినోసైక్లిన్ వల్ల కూడా వస్తుంది. అలాంటివాళ్లలో యాంటీ హిస్టోన్ యాంటీబాడీ కనిపిస్తుంటుంది, కిడ్నీలు సాధారణంగా బాగానే ఉంటాయి. ఆ మందు మార్చాక నెమ్మదిగా తగ్గుతుంది. కానీ టీబీ మందు మీరు సొంతంగా ఆపకండి. టీబీ డాక్టర్, రుమటాలజిస్టు ఇద్దరూ మాట్లాడుకుని మార్చాలి. రేపే వెళ్లి చూపించుకోండి.

ప్రశ్న: మా అక్కకు లూపస్. నేను కూడా ఏఎన్‌ఏ చేయించుకోనా మేడమ్?

నీకు ఏమైనా బాధలున్నాయా తల్లీ? లేవా? అయితే వద్దు. లూపస్ ఉన్నవాళ్ల అక్కాచెల్లెళ్లలో ఏఎన్‌ఏ పాజిటివ్ రావడం మిగతావాళ్లకన్నా ఎక్కువ. వచ్చిందని తెలిస్తే మనం చేసే వైద్యం ఏమీ లేదు, నిద్ర మాత్రం పోతుంది. కీళ్లు వాచినా, ఎండకు మచ్చలు వచ్చినా ఆలస్యం చేయకుండా వెళ్లి, అక్కకు లూపస్ ఉందని డాక్టర్‌కు మొదటి మాటగా చెప్పు.

ప్రశ్న: పోయిన నెల ఒక ల్యాబులో డీఎస్‌డీఎన్‌ఏ నలభై వచ్చింది, ఈసారి ఇంకో ల్యాబులో రెండు వందల పైన వచ్చింది. జబ్బు అంత పెరిగిందా?

రెండు రిపోర్టుల్లోనూ నార్మల్ ఎంతని రాశారో, కింద పద్ధతి పేరు ఏముందో చూడండి. కిట్ మారితే అంకెలు మారిపోతాయి, ఒకదానితో ఇంకోదాన్ని పోల్చలేం. మీకు దగ్గర్లో ఉన్న ఒక మంచి ల్యాబు ఎంచుకుని ఎప్పుడూ అక్కడే చేయించండి. నిమ్స్‌లో చూపించుకునేవాళ్లయితే అక్కడే ఇవ్వండి. పరగడుపున రావాల్సిన పని లేదు, టిఫిన్ తిని రండి. మీ విషయంలో సీ3, సీ4, మూత్రం ఎలా ఉన్నాయి? మూత్రం చేయించలేదా? అయితే రేపు పొద్దున ముందు అది ఇచ్చి, ఆ తర్వాత మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.